పొలిమేర ప్రత్యక్ష ప్రసారం

దగ్గరికి జరగండమ్మా, ఆ చివర కూర్చున్న పిల్లల్ని ఒళ్లోకి తీసుకోండి. ముత్యాలమ్మ తల్లికి మనసులో ఒక దండం పెట్టుకుని వినాల్సిన ముచ్చట ఇది.

నేరేడుచర్ల నుంచి మఠంపల్లి పోయే దారిలో, సున్నపురాతి దుమ్ము వేపాకుల మీద తెల్లగా పేరుకుని ఉండే ఊరొకటి ఉంది. ఆ ఊళ్లో సైదులుది టీవీలు బాగుచేసే పని. చెయ్యి మంచిది. కాకపోతే తను కొత్తగా ఏం నేర్చినా నలుగురికీ చూపిస్తే తప్ప అన్నం సయించదు.

ఆ యేడు ఊరి పిల్లలకు జ్వరాలు పట్టుకున్నాయి. సైదులు బిడ్డ నవ్య, ఒకటో తరగతి పిల్ల, మంచం దిగి చాన్నాళ్లయింది. మిర్యాలగూడ దవాఖానలో రక్తం తీశారు, సూదులు వేశారు, భయం లేదన్నారు. ఒళ్లు మాత్రం పెనంలా కాలుతూనే ఉంది. ఆ పిల్ల లేచి కూర్చుంటే చాలు, ఆస్తి మొత్తం అమ్మవారి కాళ్ల దగ్గర పెడతానని మొక్కుకున్నాడు తండ్రి.

చివరికి పెద్దమనుషులు అమ్మవారి కొలువులు చేసే బైండ్ల నాగయ్యను పిలిచి ఊరికి పొలి చల్లించాలనుకున్నారు. సందె వేళ నెత్తురు కలిపిన అన్నం చల్లుకుంటూ, జమిడిక మోగిస్తూ, ఊళ్లో చేరినదాన్ని పొలిమేర దాటిస్తారు. దాటాక అది మళ్లీ రాకుండా దారికడ్డంగా ఆ అన్నంతోనే గీత గీస్తారు. మోత ఆగేదాకా ఇళ్లలో ఉన్నవాళ్లు తలుపు తీయకూడదు, కిటికీలోంచి తొంగి చూడకూడదు.

"పోయేదాన్ని పోనియ్యాలె," అన్నాడు నాగయ్య పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూర్చుని. "సూసిండ్రనుకో, నన్ను రమ్మంటున్నరని ఆగుతది."

"గా కాగడాలు, గా జమిడిక అన్నీ బయటనే. మేం లోపల గోడలు సూసుకుంట కూసోవాల్నా?" అంది సైదులు ఇంటికొచ్చి ఆ మాట చెప్పాక అతని భార్య స్వరూప.

"గోడెందుకు, టీవీ సూడు," అన్నాడు సైదులు. "తలుపు తియ్యొద్దన్నడు గని, టీవీ పెట్టొద్దన్నడా?"

అతని తల్లి కాటమ్మ ఆకు నములుతూ కొడుకును ఎగాదిగా చూసింది. "నీ తెలివి పాడుగాను. అమ్మవారి పనిల గూడ నీ రిపేరేందిరా?"

"నీకే దర్శనం అయితదమ్మా. అందరికన్న ముంగట నువ్వే కూసుంటవ్ సూడు."

ముసలామె టీవీ వైపోసారి చూసింది. ఆమెకూ చూడాలనే ఉంది మరి.

అరచేతిలో పట్టే కంప్యూటర్ ఒకటి, దానికి బొటనవేలంత కెమెరా, మైకు, బొమ్మను గాలిలోకి పంపే చిన్న బోర్డు, పాత అల్యూమినియం గొట్టాలతో కట్టిన యాంటెనా. నెట్టుతో పనిలేదు. కొత్త టీవీలకు వెనక ఒక వైరు ముక్క తగిలించి ఛానెల్ వెతికితే చాలు, వచ్చేస్తుంది. సైదులు అవన్నీ పొలిమేర దగ్గర తన బోరు స్టార్టర్ డబ్బాకు కట్టి, బ్యాటరీ తగిలించాడు. ఇల్లిల్లూ తిరిగి ఛానెల్ పెట్టించాడు. బొమ్మ కొంచెం ఆలస్యంగా వస్తుంది, కంగారు పడొద్దని అందరికీ చెప్పాడు. నాగయ్యకు మాత్రం ఎవ్వరూ చెప్పలేదు.

పొద్దు గూకింది. ఊరంతా గడియలు పడ్డాయి. మూసిన ప్రతి తలుపు వెనకా ఒక టీవీ వెలిగింది.

సైదులు ఇంట్లో లైటు ఆర్పేసి ముగ్గురూ చాప మీద, టీవీకి ఎదురుగా. వాళ్ల వెనక మంచంలో నవ్య సన్నగా మూలుగుతోంది. గదంతా ఊదుబత్తి పొగ, నీలగిరి తైలం వాసన. తెర మీద బూడిద రంగు దారి, తుమ్మకంప, దూరంగా క్వారీ గుట్ట.

జమిడిక మోత వీధి దాటి బోరు వైపు పోయింది. బయట దూరంగా ఒక దెబ్బ. కాసేపాగి అదే దెబ్బ టీవీలో.

స్వరూప నవ్వింది. "నాగయ్య ఎనక ఇంకో నాగయ్య ఉన్నట్టున్నడు."

"లేటొస్తదని చెప్పిన గదనే."

దారి మీదికి ముందుగా వచ్చింది నాగయ్య కాదు.

ఎవరో వంగి నడుస్తున్నారు. నెత్తి మీద ముసుగు. ఆడో మగో తెలియదు. అడుగు పడుతోంది గానీ దుమ్ము లేవడం లేదు. వెళ్లిపోతోంది, నిజంగానే... పొలిమేర వైపు, పొద్దంతా నాట్లేసి అలిసిన మనిషిలా. కెమెరాకు ఎదురుగా వచ్చి ఆగింది.

ముసుగు మెల్లగా ఇటు తిరిగింది.

"మనల్నే సూస్తున్నది..." కాటమ్మ ఆకు నమలడం మానేసింది.

"ఎవలో ముసలామె," అన్నాడు సైదులు. "దారి తప్పినట్టున్నది."

అంతలో నాగయ్యా, కాగడాలు పట్టినవాళ్లూ వచ్చారు. దాని పక్క నుంచే నడిచారు, ముసుగు భుజానికి రాసుకునేంత దగ్గరగా. ఒక్కరూ చూడలేదు. ముందుకు పోయి దారికడ్డంగా గీత గీశారు. అది మాత్రం గీతకు ఇవతలే నిలబడి ఉంది. ఊరి వైపు.

జమిడిక ఆగింది. "ఖతం. ఇగ రాదు," అంది టీవీలో నాగయ్య గొంతు.

ముసుగు దగ్గరకొచ్చింది. ఇంకా దగ్గరకు... తెర నల్లబడింది.

మళ్లీ వెలుగొచ్చేసరికి అది బోరు దగ్గరి దారి కాదు. ఊరి వీధి. బొమ్మ నడుస్తోంది. మూసిన తలుపులు ఒక్కొక్కటే పక్కకు జరుగుతున్నాయి, వాటి కింది సందుల్లో టీవీల వెలుతురు. ప్రతి గడప దగ్గరా కాస్త ఆగి... వాసన చూసినట్టు ఆగి... మళ్లీ ముందుకు. తర్వాత ఒక నీలం తలుపు. దాని మీద నవ్య సుద్దముక్కతో వేసిన పువ్వు.

సైదులు ప్లగ్గు పీకేశాడు.

చీకటి. నవ్య మూలుగు కూడా ఆగిపోయింది.

"ఎందుకాపినవ్..." స్వరూప గుసగుసలాడింది. "ఇప్పుడది యాడున్నదో ఎట్ల తెలుస్తది?"

సైదులు తడుముకుంటూ మళ్లీ ప్లగ్గు పెట్టి, చాప మీదికి వచ్చి కూలబడ్డాడు.

తెర మీద ఒక చిన్న గది. చాప మీద ఇద్దరాడవాళ్ల వీపులు. గోడ దగ్గర ఒకతను వంగి ప్లగ్గు పెడుతున్నాడు.

బొమ్మ మంచం పక్క నుంచి వస్తోంది.

"తిరగకు బిడ్డా," అంది కాటమ్మ పెదాలు కదిలీ కదలకుండా. "తల్లీ ముత్యాలమ్మా... తిరగకు."

వెనకున్నది అతని బిడ్డ. తిరిగాడు.

ఎవరూ లేరు. నవ్య మంచంలో లేచి కూర్చుని ఉంది, రెండు చేతులూ చాచి. "డాడీ, ఎత్తుకో."

ఎత్తుకున్నాడు. నుదురు తాకాడు. చల్లగా ఉంది. కొత్త కుండలో నీళ్లలా చల్లగా. "జరం పోయింది స్వరూపా," అన్నాడు ఏడుస్తూ. స్వరూప పరుగున వచ్చి పిల్ల వీపు నిమిరింది.

కాటమ్మ ఒక్కతే తిరగలేదు. తెరనే చూస్తోంది.

"సైదులూ... పిల్ల పండుకొనే ఉన్నది గద. నువ్వెవల్ని ఎత్తుకున్నవ్ రా?"

"లేటొస్తదమ్మా. జర ఆగు."

ఆగారు. తెర మీద సైదులు లేచాడు. మంచం మీదికి వంగాడు. దేన్నో ఎత్తుకుని, నిమిరి, ఏడ్చాడు. అతని చేతుల మధ్య ఏమీ లేదు. కింద మంచంలో నవ్య పడుకునే ఉంది, కళ్లు తెరుచుకుని.

అతని మెడ చుట్టూ చిన్న చేతులు కాస్త బిగిశాయి.

"నాయినమ్మా," అంది అతని చెవి పక్క నుంచి చల్లటి గొంతు, ముద్దుగా. "ఇగ టీవీ ఆపు."

కాటమ్మ చెయ్యి స్విచ్చి దాకా పోయింది. తెర మీద, మంచంలో ఉన్న నవ్య ఆమెనే చూస్తూ, వద్దు వద్దని తల ఊపుతోంది.