వెండిరంగు టేపు గౌను

"ఆ కాగితం ముందు చూసింది నేను!"

"చూస్తే సరిపోయిందా? ముందు పట్టుకున్నది నేను."

స్కూలు కౌన్సెలర్ మిసెస్ ట్రెంబ్లే గదిలో స్కాలర్‌షిప్పుల బోర్డు ముందు, ఒకే కాగితానికి చెరో కొసా పట్టుకుని నిలబడ్డారు ఐలి, కాల్విన్. హైస్కూలు చివరి ఏడాది మార్చిలో ఆ బోర్డు దగ్గర ఇలాంటి దెబ్బలాటలు మామూలే. కిటికీ బయట సుపీరియర్ సరస్సు మీద ఇంకా మంచు కురుస్తూనే ఉంది.

ఐలికి నర్సింగ్ కాలేజీలో సీటొచ్చింది. ప్రభుత్వ సాయం, కాలేజీ ఇచ్చే రాయితీ పోగా ఇంకా మూడువేల డాలర్లు తక్కువ. "ఒక్క ఏడాది ఆగితే పోలా తల్లీ?" అన్నాడు ఖనిజం మోసే ఓడలో వంట చేసే తండ్రి. ఆ ఊళ్ళో ఒక్క ఏడాది ఆగినవాళ్ళెవరూ మళ్ళీ కాలేజీ మొహం చూడలేదు. అందుకే తేనెటీగల సంఘానికి వ్యాసం రాసింది, బంగాళాదుంప రైతులకి పాట కట్టింది. ఒక్క స్కాలర్‌షిప్పూ రాలేదు. ఇక మిగిలింది ఈ టేపు కంపెనీ పోటీ. గొట్టాలకి చుట్టే టేపుతో బట్టలు కుట్టుకుని, చివరి ఏడాది పిల్లలు జంటలుగా వెళ్ళే ప్రామ్ డాన్సుకి వెళ్ళి, అక్కడ ఫొటో దిగి పంపాలి.

"చదవండర్రా, అది జంటలకి," అంది మిసెస్ ట్రెంబ్లే. "ఇద్దరూ కలిసి వెయ్యచ్చుగా?"

"వీడితోనా! ఆరో తరగతిలో నా మెడలో మంచు పోశాడు!"

"నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు కాల్విన్, కాస్త తొందరగానే.

ఏప్రిల్ అంతా కాల్విన్ నానమ్మ వంటింట్లో గడిచింది. నలభై చుట్టల టేపు, మూడు పిల్లులు, ఒకటే వాదన.

"నడుం కొలత చెప్పు," అన్నాడు కాల్విన్.

"ఎందుకూ?"

"గౌనుకి, తల్లీ. నా సరదాకి కాదు."

కొలత టేపు పట్టుకున్న అతని చెవులు ఎర్రబడ్డం చూసి ఐలికి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఇంటికెళ్ళేదాకా పోలేదు. ఎందుకు పోలేదో తనకే అర్థం కాక, దారిపొడుగునా మంచుని బూటుతో తన్నుకుంటూ నడిచింది.

ప్రామ్ ముందురోజు గౌను, కోటు రెండూ పూర్తయ్యాయి. పిల్లులు గోళ్ళతో గీరకుండా కాల్విన్ వాటిని పెరట్లో ఆవిరిస్నానం చేసే సౌనా గదిలో, రాళ్ళపొయ్యి పైన కొక్కేలకి పక్కపక్కనే వేలాడదీశాడు.

ఆ మర్నాడు శనివారం. శనివారం సౌనా వెలిగించని ఇల్లు ఆ ఊళ్ళో లేదు. కాల్విన్‌కది పుట్టినప్పట్నుంచీ తెలుసు. కానీ నెలన్నరగా వాడికి ఐలి తప్ప ఇంకేదీ గుర్తుండడం లేదు.

నాలుగింటికి తలుపు తీస్తే సెగ మొహాన కొట్టింది. టేపు జిగురంతా కరిగింది. కోటు చెయ్యి గౌను నడుం మీదికి జారి అతుక్కుపోయింది. ఐలి లాగబోతే గౌను పర్రుమంది.

"బుద్ధుందా నీకు? ఇవాళ ఏం వారమో కూడా తెలీదా?" అని అక్కడే బల్ల మీద కూలబడి ఏడ్చేసింది. "అయిపోయింది. నా కాలేజీ అయిపోయింది."

కాల్విన్ నానమ్మ కోసం ఇంట్లోకి పరిగెత్తాడు.

"ఊరుకో అమ్మాయ్," అంటూ నానమ్మ కత్తెర పట్టుకొచ్చింది. "పొయ్యి ముట్టించేది బయటి గదిలోంచి. లోపల చూడలేదు, నాదీ తప్పే. ఊడనిదాన్ని లాగడమెందుకు? అలాగే వేసుకోండి. వెనకాల కోసి, ఒంటిమీదే మళ్ళీ టేపు వేస్తాను."

వేస్తూ వేస్తూ గొణిగింది: "వీడి ఫీజంతా తాతగారి గని యూనియనే కడుతోంది. ఈ పోటీ వీడికెందుకో నాకర్థం కాదు."

ఐలి తలెత్తి చూసింది. కాల్విన్ పైకప్పు కేసి చూశాడు.

డాన్సుకి ముస్తాబు చేసిన స్కూలు జిమ్‌లో ఆ సాయంత్రం అందరూ వీళ్ళనే చూశారు. అతని చెయ్యి ఆమె నడుం చుట్టూ అతుక్కుపోయింది. వదులుదామన్నా వదలదు. ఫొటో దిగారు. కేకు ఐలే తినిపించింది. నెమ్మది పాట మొదలయ్యాక కాగితపు నక్షత్రాల కింద, ఎవరూ నేర్పకుండానే ఇద్దరి అడుగులూ కలిశాయి.

"ఫీజు కట్టేవాళ్ళుంటే ఆ కాగితం ఎందుకు లాక్కున్నావ్?"

"నువ్వు దానికోసం చెయ్యి చాపావు కనక."

"అంటే?"

"ఊరికే ప్రామ్‌కి రమ్మంటే వచ్చేదానివా?"

"రాను."

"మరింకేం!"

"అప్పుడు రాను," అంది ఐలి, తల అతని భుజానికి ఆనించి. "ఇప్పుడడిగి చూడు."

జూలైలో ఉత్తరం వచ్చింది. రెండో బహుమతి, ఒక్కొక్కరికీ మూడున్నర వేల డాలర్లు. రెండు దుస్తుల్నీ ఒక్కటిగా కుట్టాలన్న ఊహ ఇంతవరకూ ఎవరికీ రాలేదని మెచ్చుకున్నారు. ఉత్తరం చదివి మిసెస్ ట్రెంబ్లే ఏడ్చింది.

ప్రామ్ రాత్రి మాత్రం వాళ్ళకి అదేమీ తెలీదు. పది కావస్తున్నా సరస్సు మీద వెలుగు పూర్తిగా పోలేదు. ఇద్దరూ ఇంటికొచ్చి వంటింట్లో నిలబడ్డారు. నానమ్మ కత్తెర తీసింది.

"ఇక కత్తిరించనా?"

ఐలి కాల్విన్‌కి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

నానమ్మ ఒకసారి వాణ్ణి చూసింది, ఒకసారి ఐలిని చూసింది. కత్తెర సొరుగులో పడేసి, ముగ్గురికీ కాఫీ పెట్టింది.