స్టిక్కరు మీద బొట్టు

"వంద డిగ్రీలండీ! మీరు అమ్మింది కంప్యూటరా, ఇడ్లీ పాత్రా?"

మే నెల ఎండలో ఆటోనగర్‌లోని మా షాపుకొచ్చి, సీపీయూ బాక్సు కౌంటర్ మీద దబ్బున పెట్టి ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న అది. పేరు సింధూరి. దసరాకి మా దగ్గర కొన్న మెషీనే. అప్పుడు వాళ్ల నాన్నగారొచ్చి పట్టుకెళ్లారు. ఈ అమ్మాయిని చూడటం ఇదే మొదలు. చూశాక నా టెంపరేచర్ కూడా రెండు డిగ్రీలు పెరిగిన మాట నిజం.

"ఓవర్‌క్లాక్ చేసి స్పీడు పెంచారా?"

"చేశాను. ఐదు గిగాహెర్ట్జ్ దాటించాను. చెయ్యకూడదా?"

"చెయ్యొచ్చండీ. ఎంత లోడున్నా ఎనభై, ఎనభై ఐదు లోపుంటే నిశ్చింత. తొంభై దాటితే జాగ్రత్తపడాలి. వందకొస్తే అదే ఆగిపోతుంది. ఓవర్‌లోడు లారీని ఘాట్ రోడ్డెక్కిస్తే రేడియేటర్ పొగలు కక్కదూ?"

"మా నాన్న కొండపల్లి దగ్గర థర్మల్ ప్లాంటులో పాతికేళ్లుగా చేస్తున్నారు. వేడి గురించి నాకు చెప్పకండి. ప్రాసెసర్ మీద కూలర్ సరిగ్గా బిగించారా లేదా, అది చెప్పండి ముందు."

షాపులో వెనక సగం మా నాన్న రత్తయ్యది. లారీ రేడియేటర్లు బాగుచేస్తాడు. అక్కణ్ణుంచే నవ్వాడు. "అడుగమ్మా, గట్టిగా అడుగు. నేనడిగితే వాడు వినడు."

సింధూరి నవ్వలేదు. "సాయంత్రం ఆరింటికి వీడియో పంపాలండీ. కొండపల్లి బొమ్మలు లేచి నడిచే యానిమేషన్. నచ్చితే ఉద్యోగమిస్తారు. పొద్దుట్నుంచి మూడుసార్లు సగంలో ఆగిపోయింది."

ఆ మాట విన్నాక ఇంక వాదించలేదు. స్క్రూలు విప్పి కూలర్ తిరగేశాను.

దొరికింది.

కూలర్ అడుగున, బిగించేముందు పీకెయ్యాల్సిన ప్లాస్టిక్ స్టిక్కరు అలాగే ఉంది. దాని అంచున పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు.

విజయదశమి నాడు నాన్న తన రెంచీలకీ జాకీలకీ ఆయుధపూజ చేసి, చేతిలో మిగిలిన పసుపు కుంకుమ నేను బిగించబోతున్న కూలర్‌కి కూడా పెట్టాడు. "బొట్టు చెరపకురా" అన్నాడు. చెరపలేదు. అలాగే బిగించేశాను. చలికాలం నెట్టుకొచ్చింది. ఎండలూ ఓవర్‌క్లాకూ కలిసేసరికి నా బండారం బయటపడింది.

సింధూరి ఫోన్‌లో టైము చూసుకుంటోంది. స్టిక్కరు నలిపి జేబులో వేసుకుంటే ఎవరికీ తెలియదు. తప్పు ఓవర్‌క్లాక్ మీదకి నెడితే సరి. కానీ లీకున్న రేడియేటర్‌లో పసుపు పోసి అప్పటికి కప్పిపుచ్చే డ్రైవర్లని నాన్న తిట్టే తిట్లు వింటూ పెరిగినవాణ్ణి.

"తప్పు మీది కాదండీ. నాది," అని స్టిక్కరు చూపించి, జరిగింది చెప్పేశాను.

"అంటే ఏడు నెలలుగా నా ప్రాసెసర్ ప్లాస్టిక్ కప్పుకుని కాపురం చేస్తోందా?"

"బొట్టుతో సహా."

కోపంగా చూసింది. మళ్లీ స్టిక్కరు చూసింది. ఫక్కున నవ్వేసింది. "నవ్వానని వదిలేశాననుకోకండి. ముందు ఆరింటి సంగతి చూడండి!"

స్టిక్కరు పీకి ఆమె చేతికిచ్చి, శుభ్రంగా తుడిచి, వేడిని లాగే పేస్టు బఠాణీ గింజంత కొత్తగా పెట్టి బిగించాను. సగంలో ఆగిన వీడియోని మా షాపులోనే మళ్లీ తయారీకి పెట్టాం. అరవై ఎనిమిది... డెబ్బై నాలుగు... డెబ్బై ఎనిమిది. వేడి అక్కడే ఆగింది. నాన్న తన టేబుల్ ఫ్యాను మా వైపు తిప్పి, ఇద్దరికీ మజ్జిగ పోశాడు. ఐదూ నలభైకి బొమ్మలన్నీ నడిచాయి. వీడియో వెళ్లింది.

రెండు వారాలకి సింధూరి మళ్లీ వచ్చింది. చేతిలో బాక్సు లేదు, స్వీట్ల ప్యాకెట్టుంది.

"ఉద్యోగం వచ్చింది!"

"కంగ్రాట్స్ అండీ! టెంపరేచర్ ఎంతుంటోంది?"

"డెబ్బై ఎనిమిది దాటట్లేదు."

"ఈ మాట ఫోన్‌లో చెబితే సరిపోయేదిగా, ఇంత ఎండలో..."

"ఫోన్‌లో మీ మొహం ఎర్రబడటం కనపడదుగా!" అంటూ తన ఫోన్ తిప్పి చూపించింది. వెనక కవర్ లోపల ఆ స్టిక్కరు, బొట్టుతో సహా.

"పారెయ్యలేదా?"

"ఎలా పారేస్తాను? తప్పు దాచెయ్యగలిగీ దాచలేదు మీరు. మా నాన్నకి కూడా చూపించాను. ఆదివారం మిమ్మల్ని భోజనానికి రమ్మన్నారు."

"కంప్యూటర్ చూడటానికా?"

"కంప్యూటర్ బాగుందని చెప్పానా లేదా?"

నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి నాన్న కేకేశాడు.

"వస్తాడమ్మా, నేనూ వస్తాను, మీ నాన్నగారితో మాట్లాడాలిగా. ఒరేయ్ కిరీటీ, ఈసారి స్టిక్కరు నేను పీకుతాను. బొట్టు ఆ తర్వాతే!"