వలెన్సియాలోనూ వరే

బాన్సువాడ బస్టాండు ఎదురుగా, చాయ్ బండికీ మొబైల్ రిపేరు షాపుకీ మధ్య ఇరుక్కుని ఉన్న ‘సంపత్ ట్రావెల్స్’కు ఈ ప్రపంచంలో మూడే దేశాలు తెలుసు. దుబాయి, మస్కట్, షిర్డీ. షిర్డీ దేశం కాదని సంపత్‌కు తెలియక కాదు. కానీ జనం అక్కడికి మోసుకెళ్లే సామాను చూస్తే ఎవరికైనా ఆ అనుమానం వస్తుంది.

అలాంటి షాపులోకి జూన్ నెలలో ఒక శనివారం బిందుమాధవి వచ్చింది. వానలో సగం తడిసింది. మిగతా సగాన్ని కాపాడిన గొడుగును సంపత్ కీబోర్డు మీదకే నీళ్లు చిమ్మేలా దులిపి, తీరిగ్గా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"స్పెయిన్‌లో వలెన్సియా. సెప్టెంబరులో మూడు రోజులు. ప్లాను కావాలి."

సంపత్ కీబోర్డును బోర్లించి నీళ్లు దులిపాడు. "వలెన్సియానా మేడం? గా ఊరు ఏ డిపో కిందికొస్తది? బోధనా, నిజామాబాదా?"

"నవ్వొచ్చే జోకుంటే చెప్పండి, నవ్వుతాను."

బిందుమాధవిది వర్ని దగ్గర క్యాంపు, అంటే కోస్తా నుంచి వలస వచ్చిన రైతులు కట్టుకున్న ఊరు. ఆమె తాతల కాలంలో తెనాలి వైపు నుంచి వచ్చి, నిజాంసాగర్ కాలువ కింద పొలాలు కొనుక్కుని స్థిరపడిన కుటుంబం. ఆమె మాత్రం బాన్సువాడలో బ్యాంకు ఉద్యోగం చేస్తోంది. రెండేళ్లుగా బస్సు టికెట్లకూ, రైలు టికెట్లకూ ఈ షాపుకే వస్తోంది. వచ్చినప్పుడల్లా ఏదో ఒకదానికి సంపత్‌తో తగువు పెట్టుకుని మరీ వెళుతుంది. ఆ తగువు కోసం సంపత్ వారమంతా ఎదురుచూస్తాడు. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. కాబట్టి చాయ్ బండి గంగమణికి తప్ప ఎవరికీ తెలియదు.

"స్పెయిన్ల మీకెవరున్నరు?"

"మా ఫ్రెండ్ శ్రావ్య అక్కడ చదువుకుంటోంది. రమ్మని ప్రాణం తీస్తోంది. దాని గది అగ్గిపెట్టెంత, అందుకే హోటల్ కావాలి. ఇద్దరం వెళతాం."

"ఆ రెండో మనిషి పేరు?"

"అది సర్‌ప్రైజ్."

"టికెట్ మీద సర్‌ప్రైజ్ అని రాస్తే ఎయిర్‌పోర్టు కాడ్నే ఆపుతరు మేడం."

"ముందు ప్లాను ఇవ్వండి. ఆయనకు నచ్చితే పాస్‌పోర్టులు పట్టుకొస్తా. ఒక్క గది చాలు. మంచాలు మాత్రం రెండుండాలి. ఆయన గురకపెడతారు."

ఆయన! కిందటి వారమే గంగమణి చాయ్ గ్లాసుతో పాటు ఒక వార్త కూడా అందించింది. "తణుకు నుంచి పిల్లగాడొచ్చిండట తమ్మీ, ఎర్ర కార్ల. పెండ్లిచూపులు గావచ్చు. నువ్వు గిట్లనే టికెట్లు కొట్టుకుంట కూసో." అప్పుడు నవ్వి ఊరుకున్నాడు. ఇప్పుడు చూస్తే వ్యవహారం పెళ్లిచూపుల నుంచి గురక దాకా వచ్చేసింది!

"రెండ్రోజుల్లో ఇస్త" అన్నాడు పొడిగా.

ఆ రోజు సాయంత్రం కూర్చుని, వృత్తి ధర్మానికి కట్టుబడి, మంచి ప్లానే రాశాడు. మొదటిరోజు పాత ఊరి సందులు, రెండోరోజు సముద్రపు ఒడ్డు, మూడోరోజు అల్బుఫెరా అనే సరస్సులో సూర్యాస్తమయం వేళ పడవ షికారు. రాసినదంతా ఒకసారి చదువుకున్నాడు. పడవలో బిందుమాధవి కనిపించింది. పక్కన తణుకు పిల్లగాడు కూడా కనిపించాడు. వృత్తి ధర్మం అక్కడితో ఆఖరు. సంపత్ ఆ పడవను ఒక్క బటన్‌తో ముంచేశాడు.

కొత్త జంట చూడకూడనివి వలెన్సియాలో ఏమేం ఉన్నాయా అని వెతకడం మొదలుపెట్టాడు. వెతికేకొద్దీ ఉత్సాహం పెరిగింది. ఆ ఊరి చుట్టూ కాలువలట, కాలువల కింద వరి పొలాలట! పుట్టినప్పటి నుంచీ వరి తప్ప మరొకటి చూడని క్యాంపు పిల్లకు హనీమూన్‌లో కూడా వరే చూపిస్తే అంతకన్నా శిక్ష ఏముంటుంది?

మొదటిరోజు, పాత రైసుమిల్లులో పెట్టిన బియ్యం మ్యూజియం. రెండోరోజు గురువారం. మధ్యాహ్నం పన్నెండింటికి పెద్ద చర్చి గుమ్మం ముందు రైతులు నడిపే నీళ్ల కోర్టు. కాలువ నీళ్ల తగాదాలు తీర్చడానికి వందల ఏళ్లుగా ప్రతి గురువారం కూర్చుంటారట. మూడోరోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా పొలాల గట్ల మీద నడుస్తూ వరికోతలు చూడటం. బస ఊళ్లో కాదు, పొలాల మధ్య ఒక పల్లెలో. సాయంత్రం దాటితే బస్సు దొరకడం కష్టం. తిరుగు ప్రయాణంలో ఒక ఎయిర్‌పోర్టులో పద్నాలుగు గంటలు పడిగాపులు. ఎంత అన్యోన్య దంపతులైనా పద్నాలుగు గంటలు ఇనుప కుర్చీల్లో కూర్చుంటే, ఇంటికి చేరేలోపు ఒకరి ముఖం ఒకరు చూసుకోరని అతని లెక్క. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పెళ్లే కాని జంటకు విడాకులు కూడా ఖాయం చేసేసి, హాయిగా ఒక చాయ్ తాగాడు.

చెప్పినట్టే రెండ్రోజులకు బిందుమాధవి వచ్చి కాగితం చదివింది. సంపత్ తగువుకు నడుం బిగించాడు. ఆమె మళ్లీ మొదటి నుంచి చదివింది. తలెత్తినప్పుడు ఆమె కళ్లు మెరుస్తున్నాయి.

"ఇదంతా మీరే ఆలోచించారా?"

"మరి ఎవలు ఆలోచిస్తరు?"

"మీలో ఇంత మంచి మనిషి ఉన్నాడని రెండేళ్లలో ఎప్పుడూ అనిపించలేదు. థాంక్స్." అంతే, వెళ్లిపోయింది. తగువు లేదు, గొడుగు దులపడం లేదు. సంపత్‌కు చెంపదెబ్బ తిన్నట్టయింది.

"గా తణుకోని మీద గంత ప్రేమ, గంత పావురమా అక్కా? వరి చూపిస్తనన్నా మురుస్తుంది" అన్నాడు గంగమణితో.

"పావురముంటే ముళ్లకంప కూడా పూలచెట్టే తమ్మీ" అంది గంగమణి, గాయం మీద కాస్త ఉప్పు చల్లి.

మర్నాడు షాపు ముందు స్కూటర్ ఆగింది. నడుపుతున్నది బిందుమాధవి. వెనక నుంచి దిగింది ఆమె తండ్రి ఆదిశేషయ్య. సంపత్ చప్పున కంప్యూటర్ వెనక్కి తల దించుకున్నాడు. కారణం ఉంది. సంపత్ తండ్రి ఎల్లన్న కాలువ మీద లస్కర్‌గా చేసి రిటైరయ్యాడు. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో చూసే ఉద్యోగం. ఆదిశేషయ్య పొలం సరిగ్గా కాలువ చివర ఉంది. అక్కడికి నీళ్లు చేరేసరికి పైవాళ్లు తాగగా మిగిలిన తడి వస్తుంది. తొమ్మిదేళ్ల క్రితం వంతు రాకముందే తూము ఎత్తబోయిన ఆదిశేషయ్య చేతిని ఎల్లన్న పట్టుకున్నాడు. ఇద్దరూ అనకూడని మాటలు అనుకున్నారు. అప్పటి నుంచీ ఒకరు ఈ గట్టున వస్తే రెండోవారు ఆ గట్టున వెళతారు. రెండేళ్లుగా సంపత్ నోరు మెదపకపోవడానికి సగం కారణం ఆ తూమే.

ఆదిశేషయ్య మోకాలి మీద చెయ్యి వేసుకుని, మూలుగుతూ కుర్చీలో కూర్చున్నాడు. "ఎల్లన్న కొడుకువి నువ్వేనా?"

"నేనే సార్."

"నిన్నటి నుంచి నాలుగుసార్లు చదివాను బాబూ ఈ కాగితం. నాకు అరవై నిండాయని మా అమ్మాయి ఎక్కడికో తీసుకెళతానంది. ఆ బొమ్మలూ బంగళాలూ నాకెందుకే అన్నాను. ఇది చూపించింది. ఇక మనసు ఆగట్లేదు. రైతులే జడ్జీలట! వకీళ్లు లేరట! చివరి పొలం వాడి మాట కూడా వింటారట! నేను చచ్చేలోపు అది చూడాలయ్యా. మా చుట్టాల్లో ఒక్కడికీ నా మనసు తెలీలేదు. నీకెలా తెలిసింది?"

సంపత్ బిందుమాధవి వైపు చూశాడు. ఆమె నాన్న భుజం మీద చెయ్యి వేసి, నవ్వుతూ నిలబడి ఉంది. గురకపెట్టే ఆయన ఈయనన్నమాట! లోపల బాజాలు మోగాయి. వెంటనే కళ్లు ఆ మోకాలి మీద పడ్డాయి. బాజాలు ఆగిపోయాయి.

"సార్, గా వాపసు ఫ్లయిట్... వేరేది చూద్దామా?"

"ఒక్క ముక్క మార్చడానికి వీల్లేదు. మా అమ్మాయి కూడా అదే అంటే వద్దన్నాను. పద్నాలుగు గంటలు ఎందుకు పెట్టావో నాకు తెలుసు, నా మోకాళ్లకు విశ్రాంతి కోసం. ఇంత ఆలోచించిన వాడివి ఊరికే పెడతావా?"

అవునంటే చాలు. తొమ్మిదేళ్ల పగను నాలుగు వరి మడులతో చల్లార్చిన మహానుభావుడిగా మిగిలిపోవచ్చు. అబద్ధం ఆడటం సంపత్‌కు చేతకాక కాదు, ట్రావెల్స్ నడిపేవాడికి అది రాకపోతే పూట గడవదు. కానీ ఈ పెద్దాయన ఇనుప కుర్చీలో కాళ్లు చాపుకోవడానికి చోటు లేక, తనను మెచ్చుకుంటూ పద్నాలుగు గంటలు కూర్చునే దృశ్యం కళ్ల ముందుకు వచ్చింది. చాలా సిగ్గేసింది.

"విశ్రాంతికి కాదు సార్. కొట్లాడుకోవాలని పెట్టిన."

"ఎవరు?"

"మేడం, మేడం పెండ్లికొడుకు. హనీమూన్ అనుకున్న. ఖరాబ్ చెయ్యాలని పడవ షికారు తీసేసి పొలాలు పెట్టిన. హోటల్ గూడ కావాల్నని దూరం పెట్టిన."

బయట వాన జోరందుకుంది. బిందుమాధవి ముఖంలో నవ్వు మాయమైంది. "ఏ పెళ్లికొడుకు?"

"తణుకు... ఎర్ర కారు..."

"వాడు మా బాబాయి కొడుకు! కొత్త కారు చూపించి పోదామని వచ్చాడు. నాకు తమ్ముడవుతాడు!"

చాయ్ బండి దగ్గర గంగమణి అకస్మాత్తుగా గ్లాసులు కడగడంలో మునిగిపోయింది.

"అది సరే" అన్నాడు ఆదిశేషయ్య. గొంతులో మెచ్చుకోలు లేదిప్పుడు. "మా పిల్ల ఎవరిని చేసుకుంటే నీకెందుకయ్యా కడుపుమంట?"

సంపత్ లేచి నిలబడ్డాడు. కూర్చుని చెప్పే మాట కాదనిపించింది. "మేడం అంటే నాకు ప్రాణం సార్. రెండేండ్ల సంది. మా నాయనకు మీకు పడదు. మీరు క్యాంపోళ్లు, మేం ఊరోళ్లం. చెప్తే ఈ షాపుకు రాకడ గూడ బంద్ అయితదని భయపడ్డ. గంతే."

బిందుమాధవి గొంతు వణికింది, వెక్కిరింపు మాత్రం వణకలేదు.

"నేను బ్యాంకులో పనిచేస్తాను సంపత్ గారూ. రోజుకు వందమందికి ఫోన్‌లో లావాదేవీలు నేర్పుతాను. బోధన్ బస్సు టికెట్ నాకు ఫోన్‌లో చేసుకోవడం రాక మీ దగ్గరికి వస్తున్నానని రెండేళ్లుగా నిజంగానే నమ్మారా?"

సంపత్ కీబోర్డును మళ్లీ బోర్లించి దులిపాడు. ఈసారి అందులోంచి నీళ్లేమీ రాలేదు.

ఆదిశేషయ్య కూతురిని చూశాడు, కుర్రాడిని చూశాడు. తడిసిన రోడ్డును ఇంకాస్త ఎక్కువసేపు చూశాడు. "ఇప్పటికి పదకొండు సంబంధాలు వచ్చాయి. పొలం ఉన్నదానికంటే ఎక్కువ చెప్పినవాడు ఒకడు, జీతం వచ్చేదానికంటే ఎక్కువ చెప్పినవాడు ఒకడు. నువ్వు నోరు మూసుకుంటే నా దగ్గర మంచివాడివిగానే ఉండిపోయేవాడివి. చెప్పి చెడ్డావు." మోకాలి మీద చెయ్యి ఆనించి లేచాడు. "మీ నాన్న ఇంట్లో ఉన్నాడా?"

రెండు వీధుల అవతల ఎల్లన్న వసారాలో కూర్చుని రేడియో బాగుచేసుకుంటున్నాడు. వానలో, ఒకే గొడుగు కింద కూతురితో వస్తున్న ఆదిశేషయ్యను, వెనకాల పూర్తిగా తడుస్తూ వస్తున్న కొడుకును చూసి గబుక్కున లేచాడు.

"శేషయ్య గారూ, గిప్పుడు నా చేతుల ఏం లేదు. నేను రిటైరైన. నీళ్ల ముచ్చటైతే కొత్త లస్కర్‌ను అడుగుండ్రి."

"నీళ్ల కోసం రాలేదయ్యా. పిల్లనివ్వడానికి వచ్చాను."

ఎల్లన్న చేతిలో స్క్రూడ్రైవర్ కింద పడింది. కొడుకు వైపు చూశాడు. సంపత్ తల దించుకున్నాడు. అమ్మాయి వైపు చూశాడు. ఆమె దించుకోలేదు.

"గా దినం మీ చెయ్యి పట్టుకున్న. తప్పు మాటలన్న" అన్నాడు ఎల్లన్న మెల్లగా.

"నా వంతు కాదని నాకూ తెలుసు. పైరు ఎండిపోతుంటే తట్టుకోలేకపోయాను" అన్నాడు ఆదిశేషయ్య.

ఎల్లన్న లోపలికి వెళ్లాడు. చెంబు నిండా నీళ్లు తెచ్చి, రెండు చేతులతో అందించాడు. ఆదిశేషయ్య నిలబడే గటగటా తాగేసి, మూతి తుడుచుకుని, ఖాళీ చెంబు తిరిగి చేతికిచ్చాడు.

"ఇంకో చెంబు తెప్పించండి బావగారూ" అన్నాడు.