అలెఫ్ చెరిగితే

"సైంటిస్ట్ సుందర్ రావును ఇయ్యాల్నే లేపేస్తరు," ఇయర్‌పీస్‌లో చీఫ్ రాజేశ్వర్ రావు గొంతు. "హన్మకొండ సభలోనే. సిగ్నల్ స్టేజీ మీది నుంచే వస్తది. షూటర్ ఎవడో తెల్వది."

"సభ ఆపేద్దాం సార్."

"ఆపితే వాడు జారిపోతడు. రేపు ఇంకోకాడ కాలుస్తడు. నువ్వే చూస్కో."

సౌండ్ ఆపరేటర్ వేషంలో ఉన్న ఏజెంట్ ఎల్లస్వామికి కాలు ఒకచోట నిలవడం లేదు. హాలు కిక్కిరిసింది. క్షిపణుల మీద పనిచేసే సుందర్ రావు, భార్య మరియమ్మతో ముందు వరుసలో కూర్చున్నాడు. హీబ్రూ అక్షరాల అర్థాలు వినాలని ముచ్చటపడి వచ్చాడాయన.

వక్త జెస్సికా. నల్ల పట్టుచీరలో కళ్లు తిప్పుకోనివ్వని అందం. విదేశీ ముఠాకూ, మన డిపార్ట్‌మెంటుకూ ఒకేసారి కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. ఎల్లస్వామి మైక్ తగిలిస్తుంటే పెదవులు కదపకుండా గొణిగింది.

"అన్నా, మూడక్షరాలు రాస్త. మొదటిది చెరిపితే ఆయన్ను కాలుస్తడు. చెరపకుంటే నన్ను."

"ఎవడు?"

"నాకు గూడ చెప్పలె."

నమ్మాలా? ఆలోచించే టైం లేదు. ఆమె చాక్‌పీస్ తీసుకుంది.

హాల్లో అందరి చూపూ బోర్డు ఎడమ అంచుకు పోయింది. మన రాత మొదలయ్యేది అక్కడే కదా! స్తంభం పక్కనున్న వీడియోగ్రాఫర్ ఒక్కడే కుడి అంచును చూస్తున్నాడు. హీబ్రూ కుడి నుంచి ఎడమకు రాస్తారని వాడికి ముందే తెలుసు!

ఎల్లస్వామి జనాన్ని తోసుకుంటూ కదిలాడు.

"అలెఫ్ అంటే ఎద్దు, బలం. మేమ్ అంటే నీళ్లు. తావ్ అంటే గుర్తు," జెస్సికా కుడి అంచు నుంచి ఒక్కో అక్షరం రాస్తూ చెప్పింది. "మూడూ కలిస్తే ఎమెత్, సత్యం. అలెఫ్ పోతే మిగిలేది మెత్. చచ్చినవాడు."

డస్టర్ లేచింది. అలెఫ్ చెరిగింది. కెమెరా లెన్స్ ముందు వరుస వైపు తిరిగింది.

ఎల్లస్వామి గాలిలోకి ఎగిరి ట్రైపాడ్‌ను తన్నాడు. ఠప్! లెన్స్‌లోంచి దూసుకొచ్చిన గుండు సీలింగ్‌లో దిగింది. మరియమ్మ కెవ్వున అరిచింది. రెండో గుండు పేలకముందే షూటర్ మెడ ఎల్లస్వామి మోచేతి కింద నలిగింది.

లేచి చూస్తే స్టేజీ ఖాళీ.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "జెస్సికా కాజీపేట స్టేషన్ల దొరికింది. బ్యాగుల రెండు టికెట్లు. ఒకటి మన ఆఫీసున్న ఢిల్లీకి, ఒకటి ఆ ముఠా ఉన్న చెన్నైకి."

"ఏ బండి ఎక్కుతాంటే పట్టుకున్నరు సార్?"

"రెండు బండ్లూ పోయినయయ్యా. ఎటు పోవాల్నో తేల్చుకోక, క్యాంటీన్ల చాయ్ తాగుతాంది."