సందేహ ద్వారం

చంద్రుడి మీది విద్యాపీఠంలో చేరడం తేలికే. బయటపడడమే కష్టం. రాకెట్ల రేవుకు ఉన్నది ఒకే దారి, ఆ దారికి ఒకే తలుపు. దాని ముందు నిలబడి, చదువుకున్నదాని మీద ఒక సందేహం అడగాలి. తలుపులో అమర్చిన సందేహమాపకం, అంటే ఒక రకం న్యూరల్ స్కానర్, ఆ సందేహం మెదడులో నిజంగా పుట్టిందో లేదో చూస్తుంది. నిజమైతే పచ్చదీపం, పట్టా, ఇంటికి ప్రయాణం. కాకపోతే ఎర్రదీపం, మళ్లీ తరగతి గది.

దీన్ని కనిపెట్టింది ఆచార్య కాత్యాయని. జవాబులు గడగడా అప్పజెప్పి పట్టాలు పట్టుకుపోయేవాళ్లను చూసి చూసి, ఒళ్లుమండి చేసిన పని అది. పైచదువు పూర్తయిందనడానికి గుర్తు తెలిసింది చెప్పడం కాదు, తనకు తెలియనిదేదో కనుక్కోవడమని ఆవిడ నమ్మకం. ఎవరికీ, ఆఖరికి తనక్కూడా, మినహాయింపు ఉండకూడదని పట్టుబట్టి నిబంధనల్లో రాయించింది. అందరూ చప్పట్లు కొట్టారు. అది ఆవిడ మెడకే చుట్టుకుంటుందని అప్పుడెవరికి తెలుసు?

భూమ్మీది కాలేజీలన్నిటికీ ఇదే తలుపు పెట్టించాలని ఉన్నత విద్యామండలి వాళ్లు ఒప్పందంతో వచ్చి, తలుపు పక్కనున్న గాజుగోడకు అవతల రేవులో కూర్చున్నారు. సంతకానికి ముందు ఒక్క ఫిర్యాదు తేల్చాలి. ఇస్సాకు అనే విద్యార్థి తొమ్మిదేళ్లుగా లోపలే ఉండిపోయాడు. తప్పు తలుపుదే అంటాడు. "ఇట్టే తేల్చేస్తాను" అని కాత్యాయని ఒక్కతే లోపలికి వచ్చింది.

"ఏదీ, నీ సందేహం అడుగు బాబూ," అంది.

ఇస్సాకు తలుపు ముందుకు వెళ్లాడు. "ఈ మట్టిలో కందిమొక్క వేరు కిందికి దిగకుండా పక్కకెందుకు తిరుగుతోంది? ఇక్కడ బరువు తక్కువ కదా, అందుకేనని సరిపెట్టుకుందామంటే, పెసర వేరు తిన్నగానే దిగుతోంది."

ఎర్రదీపం వెలిగింది.

అంతకంటే నిజమైన సందేహం కాత్యాయని ఈమధ్య వినలేదు. తనే వెళ్లి తలుపు ముందు నిలబడింది. "ఇది సందేహం కాకపోతే, నా యంత్రం ఇన్నాళ్లూ కొలుస్తున్నదేమిటి?" అని అడిగింది. నిజంగానే అడిగింది.

మళ్లీ ఎరుపే.

"మీరు మనసులోంచి అడిగారండి, అందుకే తెరుచుకోలేదు," అన్నాడు ఇస్సాకు. "పాసైనవాళ్లని చూసి నేర్చుకునేలా కదండీ దీన్ని చేశారు? మొదటి బ్యాచ్ నాటికే భూమ్మీద కోచింగ్ సెంటర్లు సందేహాలకు బిట్ బ్యాంకు వేసేశాయి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఊపిరి పీల్చాలో కూడా నేర్పి, పిల్లల మెదడే నమ్మేదాకా బట్టీ పట్టించారు. ఆ బట్టీనే ఇది నిజమనుకుంది. ఇప్పుడు నిజం దీనికి కొత్తండి."

గాజుకు అవతల మండలి అధ్యక్షుడు గడియారం చూసుకుంటున్నాడు. ఇవతలి మాట అవతలికి వినపడదు, దీపం కనపడదు. కాత్యాయని అరచేత్తో గాజును దబదబా బాదింది. ఆయన నవ్వుతూ చెయ్యి ఊపాడు.

తను కట్టిన గోడలే దగ్గరికి జరుగుతున్నట్టు ఆవిడకు భయమేసింది. "మరి నాకు దారేది?"

"బిట్ బ్యాంకులో మొదటిది చెప్తాను, అనండి. విశ్వానికి అంచు ఉంటే... ఇక్కడ ఆగి, ఊపిరి పీల్చి, కళ్లు దించాలండి... ఆ అంచుకు అవతల ఏముంది?"

"ఇంత తెలిసీ నువ్వెందుకు అనలేదు?"

"ఇంటర్ దాకా పట్టింది బట్టీయే కదండీ. ఇక్కడైనా మాన్పిస్తారని వచ్చాను."

ఆవిడ అతని చెయ్యి పట్టుకుంది. "బయటికి వెళ్లగానే నిజం చెప్పేస్తాను. ఈ తలుపు పీకించి నిన్ను నాతో తీసుకుపోతాను."

"ఆశ పెట్టుకోమంటారా మేడమ్?"

"పెట్టుకో."

ఎర్రదీపం వెలిగిన ప్రతిసారీ వెనక్కి వచ్చి, ఒకటో తరగతి పిల్లలా మళ్లీ వల్లెవేసింది. చివరికి ఆగవలసిన చోట ఆగింది, ఊపిరి పీల్చింది, కళ్లు దించింది. పచ్చదీపం వెలిగింది.

అవతల పూలదండలు, కెమెరాలు. ఈ తలుపు దాటి పట్టా పుచ్చుకున్నవాళ్లు వేలమంది. డాక్టర్లయ్యారు, వంతెనలు కట్టారు. దండలు పట్టుకుని నిలబడ్డ మండలి సభ్యుల్లో సగంమంది వాళ్లే. తలుపు అబద్ధమంటే వాళ్లందరూ అబద్ధం, తనూ అబద్ధమే. వెనక తలుపు మూసుకుంది. గాజులోంచి ఇస్సాకు ఆవిడ పెదవుల వైపే చూస్తున్నాడు.

"ఇంత ఆలస్యమైందేం మేడమ్? తలుపు మీద ఏమైనా సందేహమా?" కలం అందిస్తూ అడిగాడు అధ్యక్షుడు.

కాత్యాయని ఆగింది. ఊపిరి పీల్చింది. కళ్లు దించింది.

"ఏ సందేహమూ లేదండి," అంది.