సర్వా చెప్పిన ఆదివారం వాక్యం

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, అరటికాయలు పొయ్యి మీద పెట్టి, అసియామా తన కూతురికి ఫోన్ చేశాడు. ప్రతి వారం అడిగేదే అడిగాడు.

"ఈవేళ మీ చర్చిలో ఏం చదివారు?"

"తప్పిపోయిన గొర్రె కథ, నాన్నా. పాస్టరు గారు బాగా చెప్పారు," అంది సర్వా, కేప్ కోస్ట్ కాలేజీ నుంచి.

అసియామా ఫోన్ పెట్టేశాడు. వాళ్ల సంఘంలో ఏ ఆదివారం ఏ వాక్యమో ముందే పుస్తకంగా అచ్చువేసి పంచుతారు. అతని ఊరు బెగోరోలో చదివిందే కేప్ కోస్ట్‌లోనూ చదవాలి. ఈవేళ చదివింది రూతు కథ. ఆ పుస్తకం సర్వా దగ్గరా ఉంది. అబద్ధమాడే తొందరలో తెరిచి చూడలేదు.

వారమంతా అతనికి తిండి సహించలేదు. భార్య పోయి ఏడాది. మిగిలింది ఈ ఒక్క పిల్ల. ఎవడి వెంటైనా తిరుగుతోందా? ఉపవాసాలు చేయించి పిల్లల మతి పోగొట్టే ప్రవక్తల చేతిలో పడిందా? శనివారం వ్యాన్ ఎక్కాడు. బంధువుల ఇంట పడుకుని, ఆదివారం పొద్దున్నే హాస్టల్లో కూతురి గది తలుపు కొట్టాడు.

గదిలో సర్వా స్నేహితురాలు అరాబా తల దువ్వుకుంటోంది.

"సర్వా ఆరాధనకెళ్ళింది నాన్నగారూ."

"మన చర్చికేనా?"

"నన్నడక్కండి. నేను అబద్ధం చెబితే నా మొహమే పట్టిచ్చేస్తుంది."

"ఎవడితో వెళ్ళింది?"

"అయ్యో, ఎవడూ లేడండీ! లైబ్రరీ వెనక తరగతి గది. మీరే చూడండి."

ఆ గదిలో డప్పు లేదు, పాట లేదు. అందరి చేతులూ ఒక్కసారిగా గాలిలోకి లేస్తున్నాయి. ముందు నిలబడ్డాయన వేళ్ళతో ప్రసంగిస్తున్నాడు. చెవిటివాళ్ల ఆరాధన అది. వాళ్ల మధ్య, చెవులు చక్కగా వినపడే తన కూతురు.

రెక్క పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చాడు.

"ఏం వేషాలివి? పెట్టె సర్దుకో. చదివింది చాలు!"

"సర్దుకుంటాను. ముందు విను నాన్నా. మన చర్చికి వెళ్ళాను. క్వయర్ పాట ఎత్తుకోగానే అమ్మ శవపేటిక పక్కన నిలబడ్డట్టే ఉండేది. అన్నీ అమ్మ పాడే పాటలే, అమ్మ గొంతొక్కటే లేదు. ఏడుస్తూ బయటికి పరుగెత్తేదాన్ని. ఇక్కడ పాట వినిపించదు. ఇక్కడైతే ప్రార్థన చేసుకోగలుగుతున్నాను."

"నాకు చెప్పొచ్చుగా?"

"చెబితే? అమ్మను సమాధి చేసిన రోజు, నలుగురిలో ఏడిచి పరువు తీయొద్దన్నావు. ఇంకేం చెప్పను?"

అన్న మాట నిజమే. ఆ రోజు ఏడ్చిన వాళ్లనెవర్నీ అతను క్షమించలేదు. దేవుణ్ణీ క్షమించలేదు. పట్టుకున్న రెక్క వదిలేశాడు.

"నేనూ పాడ్డం లేదమ్మా," అన్నాడు చివరికి. "పెదాలు కదుపుతాను. గొంతు రాదు. ఎవరికీ తెలీదు."

సర్వా తండ్రి చెయ్యి పట్టుకుంది. అంతలో ఒక ముసలామె బయటికొచ్చి, అసియామాను చూపిస్తూ చేతులతో ఏదో అడిగింది. సర్వా చేతులతోనే జవాబిచ్చింది.

"ఏమంటోంది?"

"నీకేమైందని. అమ్మ గురించి చెప్పాను. వీళ్ళు ప్రతి మనిషికీ చేతులతో ఒక పేరు పెడతారు. అమ్మకీ పెట్టారు."

"ఏదీ?"

సర్వా వేళ్ళు గొంతు దగ్గర చేర్చి, గొంతులోంచి పాట వచ్చినట్టు మెల్లగా ముందుకు విప్పింది.

అసియామా తన గొంతు దగ్గర వేళ్ళు పెట్టాడు. అవి విచ్చుకోలేదు. సర్వా ఒక్కొక్క వేలూ పట్టుకుని విప్పింది. ఏడాదిగా ఆ ఇంట్లో ఎవరూ పలకని పేరు అతను అప్పుడు వేళ్ళతో పలికాడు. సమాధి దగ్గర రాని ఏడుపు అప్పుడొచ్చింది.