పోలిరాజు ఇంటి రేటు

పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని పోలిరాజు గేటు దాటి రోడ్డు మీదికి వెళ్ళాడు. అక్కడ నిలబడి తన ఇంటిని, కొనడానికి వచ్చిన పరాయివాడిలా ఎగాదిగా చూసుకున్నాడు. హార్బరు ఆఫీసులో రిటైరైనప్పటి నుంచీ ఆయనకిదే పని.

"చూసింది చాలు, లోపలికి రా! ఇల్లెక్కడికీ పోదు," వంటింట్లోంచి భార్య సీతాలు కేకేసింది.

"ఇల్లు పోదే, రేటు పోద్ది!"

ఈ దీవిలో ఊరి చివరనున్న గరాచర్మలో ఆయన స్థలం కొన్నప్పుడు చుట్టూ పొదలే. రేవు దగ్గర జంగ్లీఘాట్‌లో ఉన్న బంధువులు అడవిలో కాపురమేమిటని నవ్వారు. తర్వాత బస్సు వచ్చింది, కుళాయి వచ్చింది. సునామీ తర్వాత పల్లంలో ఉన్నవాళ్ళు మెరక వెతుక్కుంటూ ఇటు వచ్చారు. ఒక్క ఇటుక కొత్తగా పెట్టకుండానే ఇంటి ధర పెరుగుతూ పోయింది. అదంతా తన తెలివేనని పోలిరాజు నమ్మకం. వారం వారం బ్రోకరు అప్పయ్యకి ఫోను చేసి రేటు కనుక్కునేవాడు. పెరిగిందంటే ఆ పూట ఇంట్లోకి సూర్మయి చేప వచ్చేది. తగ్గిందంటే పప్పుచారే.

ఆరోజు అప్పయ్యే స్వయంగా వచ్చాడు. మేడ వైపు చూసి ముక్కు నలుపుకున్నాడు.

"భయ్యా, రేటు కొంచెం డౌన్ అయింది."

"ఏం? మొన్న భూమి అదిరినందుకా?"

"నహీ భయ్యా. రేటు తెలుస్తుందని నిన్న ఒక ఆఫీసరు మేడమ్‌ని తీసుకొచ్చాను. గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగింది. ఎండుచేపల వాసనట."

మేడ మీద పోలిరాజు అత్తగారు కాళమ్మ నెత్తళ్ళు ఆరబెడుతోంది. ఆవిడ ఆయనకి సొంత మేనత్త కూడా. పోలిరాజు రెండేసి మెట్లు ఎక్కుతూ వెళ్ళాడు.

"అత్తా, రేపట్నుంచి ఇక్కడ చేపలు ఆరబెట్టకు. రేటు పడిపోతోంది."

"ఏ రేటురా? నెత్తళ్ళదా?"

"ఇంటిది!"

"ఇల్లమ్ముతున్నావేటి?"

"లేదు."

"మరి పడితే నీకేటి?"

"అమ్మకపోయినా పడకూడదు కదా అత్తా!"

కాళమ్మ నెత్తళ్ళన్నీ గుడ్డలో మూటగట్టింది. రెండు చీరలు సంచిలో పెట్టుకుంది. "ఎల్లొస్తాను అల్లుడుగారూ," అని ఎన్నడూ లేనంత మర్యాదగా చెప్పి, జంగ్లీఘాట్‌లో ఉన్న కొడుకు నూకన్న ఇంటికి బస్సెక్కేసింది.

సీతాలు గరిటె పట్టుకునే వచ్చింది. "మా అమ్మని గెంటేశావు కదయ్యా!"

"నేనామెని పొమ్మన్నానా? చేపల్ని వద్దన్నాను."

"అమ్మెక్కడుంటే చేపలక్కడ! ఇదిగో, ఇల్లు శుభ్రంగా ఉంది, వాసన లేదు. అమ్మేసుకో. ఎంతకి పోద్దో చూస్తాను."

ఆ పూట నుంచి ఆయన కంచంలో అన్నం, ఉప్పు మాత్రమే పడ్డాయి. నీళ్ళు ఆయనే ముంచుకున్నాడు.

ఆదివారం అప్పయ్య ఇంకొకరిని తీసుకొచ్చాడు. రేటు తెలుస్తుంది కదా అని పోలిరాజు వద్దనలేదు. డిగ్లీపూర్‌లో పంతులుగా రిటైరైన వెంకటాచలం మాస్టారు. ఆయన గదులు పైపైన చూసి మేడెక్కాడు. అక్కడ కళ్ళు మూసుకుని గట్టిగా గాలి పీల్చాడు.

"ఇక్కడ నెత్తళ్ళు ఆరబెట్టేవారా?"

పోలిరాజు చేతులు అడ్డంగా ఊపాడు. "ఎప్పుడో అండీ! మానేశాం. ఆరబెట్టే ఆవిణ్ణి కూడా పంపించేశాం."

"అయ్యయ్యో! మా అమ్మ పోయాక మళ్ళీ ఈ వాసన తగల్లేదండీ. రోజంతా మేడ నిండా ఎండ! మా ఆవిడకి కావలసింది ఇదే. అప్పయ్య చెప్పిన దానికంటే ఎక్కువే ఇస్తాను."

"చూశావా భయ్యా, రేటు అప్!" అప్పయ్య ఎగిరి గంతేశాడు.

"మొన్న తగ్గించిందీ ఈ వాసనే కదరా?"

"వాసన అదే భయ్యా. ముక్కు మారింది."

పోలిరాజు అప్పయ్యని పక్కకి లాగాడు. "సరే. ఈ డబ్బుకి ఇక్కడే నాకింకో ఇల్లు చూపించు. మేడ ఉండాలి, కుళాయి ఉండాలి, బస్సు దగ్గర్లో ఉండాలి."

అప్పయ్య బుర్ర గోక్కున్నాడు. "నీ ఇల్లొక్కటే పెరిగిందనుకున్నావా భయ్యా? వీధంతా పెరిగింది. ఈ డబ్బుకి అలాంటిదంటే... ఒక్కటే ఉంది."

"ఎక్కడ?"

అప్పయ్య కాలితో ఆ మేడనే తట్టి చూపించాడు.

మాస్టారు ఇదేమీ వినలేదు. "ఆ పెద్దావిడ ఎక్కడున్నారండీ? నెత్తళ్ళు ముక్కిపోకుండా ఎలా దాచాలో మా ఆవిడకి చెప్తారేమో," అన్నాడు ఆశగా.

పోలిరాజుకి పాత సంగతి గుర్తొచ్చింది. బంధువులంతా నవ్విన రోజుల్లో ఆ పొదల్లోకి తనతో వచ్చింది అత్త ఒక్కతే. పునాది తవ్వుతుంటే పిక్కలకి పట్టిన జలగల్ని ఉప్పు రాసి ఊడదీసింది. "ఏడవకురా, ఇల్లు కడుతున్నావు," అంది. అప్పుడీ ఇంటికి రేటే లేదు.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. ఇల్లు అమ్మను," అని చెప్పి, మెట్లు దిగి చెప్పులేసుకున్నాడు.

జంగ్లీఘాట్‌లో కాళమ్మ నూకన్న గుమ్మంలో వల బాగుచేస్తూ కూర్చుంది. అల్లుణ్ణి చూసి కూడా తల ఎత్తలేదు.

"అత్తా, ఇంటికి రా."

"మీ ఇంటి రేటు పడిపోద్ది అల్లుడుగారూ."

"పడనీ."

"నిజంగానేటి?"

"నిజమే అత్తా. సగానికి సగం పడనీ!" అనేసి, గుటక మింగి, గొంతు తగ్గించాడు. "సగం కాదులే... కొంచెం పడనీ."

కాళమ్మ పకపకా నవ్వేసింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆవిణ్ణి చూసి ఆయనకీ నవ్వు, ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

వల పక్కన పెట్టి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి ఆవిడ లేచింది.

"పద, బస్సెళ్ళిపోద్ది. తిన్నావట్రా ఏటైనా?"